ఆరు గంటల రిపోర్టు

ఆ ఏడు మాకు రెండో పంట లేదు. డ్యాములో గేట్లు మార్చే పని ఉంది కాబట్టి వరికి నీళ్ళు వదలడం కుదరదని చలికాలం మొదట్లోనే చెప్పేశారు. మా ఊరు కెంచనగుడ్డలో పుట్టినవాడికి జనవరి నెలలో చేతులు ఖాళీగా ఉండడం అంటే ఏమిటో తెలియదు. నారుమడి, దమ్ము, నాట్లు అంటూ మోకాటి లోతు బురదలో తిరగాల్సిన కాలం అది. ఆ ఏడు మాత్రం మా నాలుగెకరాల్లో మొదటి పంట కొయ్యకాళ్ళు ఎండి, మడి నెర్రెలిచ్చి పడి ఉంటే, నేను కళ్ళం పక్కనున్న రేకుల షెడ్డులో మంచం వేసుకుని పడి ఉన్నాను. గడ్డివాముకి కాపలా అని ఇంట్లో చెప్పేవాణ్ణి. మా ఊళ్ళో గడ్డి ఎత్తుకుపోయేవాడు ఎవడూ లేడని ఊరి పశువులకు కూడా తెలుసు.

అసలు సంగతి ఫోను. ఆ బూతు బొమ్మలు చూసే అలవాటు నాకు ఆ ఏడు పుట్టింది కాదు, పెళ్ళికి ముందు నుంచే ఉంది. చేతినిండా పని ఉన్న రోజుల్లో అది ఓ మూల నక్కి ఉండేది. పని పోగానే పగలంతా నాదే అంటూ వచ్చి కూర్చుంది. ఇష్టంతో చూశానంటే అబద్ధం. ఇష్టం తీరిపోయి ఎన్నో ఏళ్ళయింది. చూడకముందే అలుపు వచ్చేది, అయినా వేలు దానంతట అదే పోయేది. చూశాక నా మొహం నాకే చేదుగా ఉండేది. మళ్ళీ మర్నాడు అదే మంచం, అదే వేలు.

ఒక మధ్యాహ్నం మహాదేవి, నా భార్య, అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. మామూలుగా నేనే ఇంటికి పోయి తినేవాణ్ణి, ఆ రోజు పోలేదు. తలుపు దగ్గరగా వేశానే గాని గడియ పెట్టలేదు. ఆమె ఎంతసేపు నిలబడి చూసిందో నాకు తెలియదు. క్యారియరు కింద పెట్టిన చప్పుడుకు తల తిప్పేసరికి ఆమె వీపు కనబడింది. గట్టు మీద చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి వెళ్ళిపోతోంది.

మూడు రోజులు మాట లేదు. మా అమ్మ ఓబమ్మ ముందు మాత్రం మామూలుగా ఉండేది. నాలుగో రోజు పొద్దున రొట్టెలు తడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఎన్నేండ్ల నుంచి?"

"చానా ఏండ్లాయ" అన్నాను.

"పాప పుట్టినాక నాకి ఒళ్ళొచ్చిందని, అందుకే నా పక్క చూడవని అనుకుంటి. శనివారాలు ఒప్పొద్దులుంటి. దేవునికని మీరంతా అనుకున్యారు. దేవునికి గాదు."

నాకు నిజంగా తెలియదు. రెండేళ్ళుగా ఆమె శనివారాలు పస్తు ఉంటుంటే, నా పెళ్ళానికి భక్తి ఎక్కువని నలుగురిలో చెప్పుకున్నాను కూడా. రొట్టె పెనం మీద మాడుతోంది. ఆమె తిప్పలేదు, నేనూ తిప్పమనలేదు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. రెండు రోజులు ఫోన్లో వెతికి, బళ్ళారి సత్యనారాయణపేటలో మనసుకు వైద్యం చేసే ఒక డాక్టరు ఉన్నాడని తెలుసుకుని, మేము రావాల్సిన రోజు రాయించింది. కళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నామని అమ్మతో చెప్పాం. ఒక రకంగా నిజమే.

డాక్టరు నాకన్నా చిన్నవాడు. కన్నడంలో మెల్లగా మాట్లాడాడు. ఇది తాగుడు లాంటిదే, తిట్టుకుంటే తగ్గదు, దారులు మూసుకుంటూ రావాలి అన్నాడు. వారానికొకసారి వచ్చి మాట్లాడమన్నాడు. ఫోన్లో రెండు యాప్‌లు, మా నోట ఆపులు, వేసుకోమని చీటీ మీద రాసిచ్చాడు. ఒకటి ఆ సైట్లను తెరవనివ్వదు, దాని పాస్‌వర్డు మన దగ్గర ఉండకూడదు. ఇంకొకటి మనం ఫోన్లో ఏమేం చూశామో రోజూ సాయంత్రం ఆరు గంటలకు మనం నమ్మిన మనిషికి రిపోర్టు పంపిస్తుంది. పచ్చరంగు వస్తే బాగున్నట్టు, ఎరుపు వస్తే జారినట్టు. మొదటిదానికి తలుపుల ఆపు అనీ రెండోదానికి చాడీల ఆపు అనీ నేను అక్కడే పేర్లు పెట్టేశాను.

"నమ్మకమైన మనిషి ఎవరున్నారు?" అని డాక్టరు అడిగాడు.

నేను వెంటనే మహాదేవి వైపు చూపించాను. మా ఇంట్లో బీరువా తాళం, వడ్ల కొట్టు తాళం, చివరికి బండి తాళం కూడా ఆమె కొంగునే ఉంటాయి. ఇదొకటి ఎక్కువా?

"ఇంట్లోవాళ్ళకన్నా బయటి మనిషైతే మేలు. ఆలోచించుకోండి" అన్నాడాయన.

"మా మధ్య దాపరికం లేదు సార్" అన్నాను. అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. డాక్టరు నవ్వలేదు పాపం. మహాదేవిని అడిగాడు. ఆమె కొంగున తాళాలు సర్దుకుని "ఊ" అంది. ఆ "ఊ" నాకు వరమిచ్చినట్టు వినబడింది. అది ఎంత బరువో అప్పుడు నేను చూడలేదు.

మొదటి వారం నరకం. రెండో వారం కొంచెం తక్కువ నరకం. ఆరు గంటలకు మహాదేవి ఫోను టింగుమనేది. ఆమె కుట్టుమిషను ఆపి చూసేది. పచ్చ. బడి నుంచి పలక తెచ్చి చూపించే పిల్లాడిలా నేను గడపలో నిలబడి ఆమె మొహంకేసి చూసేవాణ్ణి. "ఊ, బాగుండాది" అని మళ్ళీ మిషను తొక్కేది.

తలుపుల ఆపుకు మంచీ చెడూ తెలియదు. వడ్ల ధర చూద్దామంటే ఆ పేజీలో ఏ పాడు ప్రకటన ఉండేదో, అడ్డం పడేది. ట్రాక్టరు సామాను చూద్దామన్నా అడ్డం పడేది. అప్పుడు పోయి ఆమె ముందు నిలబడాలి.

"పాస్‌వర్డు కొట్టియ్యి, ధారణె చూడాల."

ఆమె చేత్తో కప్పుకుని కొట్టేది. నేను మొహం అటు తిప్పుకునేవాణ్ణి. ముప్పై ఏడేళ్ళ మగవాణ్ణి, వడ్ల ధర చూసుకోవడానికి పెళ్ళాం ముందు గోడకేసి తిరిగి నిలబడేవాణ్ణి. కోపం వచ్చేది. ఎవరి మీద రావాలో తెలియక, ఎండిపోయిన మడి మీదికి పోయి నాలుగు గడ్డలు తన్ని వచ్చేవాణ్ణి.

ఆమెలో మార్పు నేను ఆలస్యంగా గమనించాను. స్నానానికి పోతే ఎంతసేపైందో చూసేది. ఫోను ఏ జేబులో ఉందో చూసేది. అయిదున్నర దాటితే కుట్టు వంకర పోయేది, విప్పి మళ్ళీ కుట్టేది. నాకు రోజులు గడిచేకొద్దీ తల తేలికవుతుంటే, ఆమెకు బరువెక్కుతోంది. నేను దించుకున్న మూట గాలిలో ఏమీ కలిసిపోలేదు.

శరణమ్మ కూతురి పెళ్ళి జాకెట్లతో అది బయటపడింది. శరణమ్మ మా వీధిలోనే ఉంటుంది. కూతురికి ఎనిమిది జాకెట్లు కుట్టమని ఇచ్చి, వీపు మీద కొత్త రకం డిజైను కావాలంది. మహాదేవి ఫోనులో ఛార్జి లేదు.

"నీ ఫోన్లో చూడుప్పా, ఈపు మీద తాళ్ళొచ్చే మాదిరి" అని నన్నే పురమాయించింది.

వెతికాను. ఎన్నో వీపులు చూపించాను. వాటిలో ఒకటి ఎంచుకుంది. ఆ సాయంత్రం ఆరు గంటలకు, ఛార్జింగుకు పెట్టిన ఆమె ఫోను టింగుమంది. ఎరుపు. అడ్డుపడిన పేజీలు మూడు అని ఇంగ్లీషులో వచ్చింది. శరణమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏందే అది, ఎర్రగ వచ్చింది?" అంది శరణమ్మ మెడ చాచి.

"కరెంటు బిల్లు కట్టమని, అక్కా" అంది మహాదేవి.

గుమ్మడికాయ దొంగ అనకముందే నేను భుజాలు తడుముకుని పెరట్లోకి పోయాను. మహాదేవి అబద్ధం ఆడదు. కొలత తప్పితే తప్పిందని ముందే చెప్పేసే మనిషి. నా కోసం శరణమ్మ కళ్ళల్లోకి చూసి అబద్ధమాడింది.

ఆ తర్వాత రెండు రోజులు మళ్ళీ మాట లేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"నువ్వే కద చూడమంటివి. అదంతా జాకెట్ల బొమ్మలే."

"నేనే చూడమంటి. తెల్సు నాకి" అంది. "తెల్సినా గుండె ఆగాల కద."

ఆమె ఫోను తీసి నా ముందు మంచం మీద పెట్టింది.

"ఆరు గంటలైతే చాలు, కుట్టు వంకర పోతాండాది. నువ్వు చూసేది మానుకుంటాండావు, సంతోసమే. నేను మాత్రం దినామూ ఆరు గంటలకి దాన్నే తల్చుకోవాల. పచ్చొచ్చినా తల్చుకోవాల, ఎరుపొచ్చినా తల్చుకోవాల. నువ్వు మర్చిపోతాండావు. నన్ను మర్చిపోనిస్తాండ్లేదు ఇది."

"అట్లయితే తీసేద్దామా?"

"తీసేస్తే నువ్వు మళ్ళా షెడ్డుకే పోతావు. తీయొద్దు. నా చేతిలో వద్దు. పెండ్లాం పని చెప్పు, చేస్తా. కావిలి పని నాతోన గాదు. సాకాయ్త్."

చాలు అనే మాట ఆమె కన్నడంలో అంది. మా ఇళ్ళలో నిజంగా చాలనుకున్నప్పుడు ఆ మాట కన్నడంలోనే వస్తుంది.

మర్నాడు పాపను తీసుకుని పుట్టింటికి తారానగర్ పోయింది. గొడవపడి పోలేదు. అమ్మ అడిగితే నాలుగు రోజులు అలుపు తీర్చుకుని వస్తానంది. బస్సు ఎక్కే ముందు నాతో మాత్రం వేరే మాట చెప్పింది.

"నీ తాళం యెవురికిస్తావో నువ్వే చూసుకో. ఇచ్చినాక ఫోను చెయ్యి. అప్పుడొస్తా. ఇయ్యకుంటే రాను, మౌనేశప్పా." నా పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్కసారే.

ఎవరికివ్వాలి? చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. తమ్ముడికి చెబితే అమ్మకు చేరుతుంది. స్నేహితులకు చెబితే హోటలు దగ్గర నవ్వులపాలు. అందులో సగం మంది ఫోనుల్లో ఏముందో నాకు తెలుసు. మూడు రోజులు ఊళ్ళో తిరిగి మనుషుల మొహాలు చూశాను. ప్రతి మొహంలోనూ ఏదో ఒక అడ్డం కనబడింది.

నాలుగో రోజు పొద్దున కాలువ గట్టు మీద తాయప్ప కనిపించాడు. తాయప్ప మా కాలువకు నీరుగంటి. తూములు తెరిచి మూసి, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకు వదిలే మనిషి. అరవై దగ్గరపడ్డ వయసు. ఆ ఏడు కాలువలో పారినవి తాగునీళ్ళు మాత్రమే. పట్నాల చెరువులు నింపడానికి పోయే నీళ్ళు ఎండిన మా మళ్ళ పక్కనుంచే పారుతున్నాయి. తూములన్నిటికీ తాళాలు. నడుముకు తాళాల గుత్తి కట్టుకుని తాయప్ప పొద్దునా సాయంత్రం గట్టు వెంబడి నడుస్తున్నాడు. పక్కన నడుస్తూ అడిగాను.

"ఇన్ని నీళ్ళు పోతాండాయి, మామా. ఒగ తూము తెరిస్తే అయిపాయ. యెవురూ నిన్ను అడగలేదా?"

"అడగందెవురు? అందరూ అడిగినారు."

"నీకి ఎప్పుడూ తెరవాలనిపించలేదా?"

"నాకేల అనిపిస్తాది? దీని కింద నాకి సెంటు భూమి లేదు." ఒక తూము దగ్గర వంగి తాళం లాగి చూశాడు. "మీ తాత వాళ్ళు తెలిసే పెట్టినారప్పా ఈ పద్ధతి. ఆ కాలువ కింద భూమి ఉండేవానికి తాళమియ్యరు. ఇస్తే వాడు దొంగతనం చేస్తాడని గాదు. వానికి నిద్ర పట్టదు. నీళ్ళు చూస్తే మడి గుర్తొస్తాది, మడి చూస్తే నీళ్ళు గుర్తొస్తాయి. ఏడాదికి మనిషి ఎండిపోతాడు."

ఆయన తర్వాతి తూముకు నడిచాడు. నేను అక్కడే నిలబడిపోయాను. మహాదేవి చేతిలో తాళం పెట్టి నేను సుఖంగా నిద్రపోయిన రోజులు గుర్తొచ్చాయి. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

మళ్ళీ పరుగున పోయి ఆయన్ను కలిశాను. చెప్పాను. ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. నీళ్ళకేసి చూస్తూ చెప్పాను, ఆయనా నీళ్ళకేసి చూస్తూ విన్నాడు. ఛీ అనలేదు, అయ్యో అనలేదు. బీడీ తీసి, వెలిగించకుండానే పట్టుకున్నాడు.

"నాకి ఇంగ్లీసు రాదే" అన్నాడు చివరికి.

"రంగు చూస్తే చాలు, మామా. పచ్చయితే బాగుండాది. ఎరుపయితే తప్పినట్ల."

"ఎరుపయితే నేనేం చెయ్యాల?"

"నన్నడగాల."

"ఏమని?"

అది నాకూ తెలియదు. ఆయనే ఆలోచించాడు.

"తూము కాడ నీళ్ళు కారినట్ల కనపడితే నేనడిగేది రెండే. ఎంత పాయ, యెట్ల పాయ. తిట్టేది లేదు. తిడితే మర్నాడు గడ్డి కప్పి దాచిపెడతారు. నిన్నూ అదే అడుగుతా. సాలునా?"

"సాలు."

కాలువ కొలత బద్ద ఫోటోలు పంపడానికి ఆయన దగ్గర మంచి ఫోనే ఉంది. అక్కడే గట్టు మీద కూర్చుని అన్నీ అమర్చాం. మహాదేవికి ఫోను చేసి పాత పాస్‌వర్డు చెప్పించుకుని, ఆయన చేతే కొత్తది కొట్టించాను. ఎవరికిచ్చావని ఆమె అడిగింది. చెప్పాను. "ఆయప్ప చాడీలు చెప్పే మనిషి గాదు. ఉగాది అయినాక వస్తా" అంది.

రోజూ పొద్దున ఆయనతో పాటు గట్టు మీద నడవడం అలవాటైంది. "పచ్చ" అనేవాడు నన్ను చూడగానే, నమస్కారానికి బదులుగా. ఆ తర్వాత దాని ఊసే ఉండేది కాదు. మనవడి చదువు గురించి, తన మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడేవాడు. డాక్టరు దగ్గరికి కూడా వారం వారం పోయి వచ్చాను. పదహారు రోజులు పచ్చ.

పదిహేడో రోజు మధ్యాహ్నం అమ్మ పక్కింట్లో పేరు పెట్టే శుభకార్యానికి పోయింది. ఆమె ఫోను మంచం మీద ఉంది. దేవుడి పాటలు వినడానికి నేనే కొనిచ్చిన ఫోను, దానికి ఏ తాళమూ లేదు. దానికోసం నేను వెతకలేదు. వెతకలేదనే ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. అరగంట. తర్వాత అన్నీ చెరిపేసి, ఎక్కడిదక్కడే పెట్టేశాను. సాయంత్రం ఆరు గంటలకు నా ఫోను ఎంతో బుద్ధిగా తాయప్పకు రిపోర్టు పంపింది.

"పచ్చ" అన్నాడు తాయప్ప మర్నాడు. "పదిహేడు దినాలాయ."

నేను తలూపాను. తూము దాటాం, ఇంకో తూము దాటాం. ఊరుకుంటే సరిపోతుంది. మహాదేవి వారంలో వచ్చేస్తుంది. ఎవరికీ తెలిసే దారి లేదు. అలిసిపోయాను, ఇంకొకసారి మొదటి నుంచి లెక్కపెట్టే ఓపిక నాకు లేదనిపించింది. మూడో తూము దగ్గర ఆయన వంగి తాళం లాగి చూస్తుంటే నోరు తెరిచాను.

"పచ్చ గాదు, మామా."

ఆయన వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు.

"ఎంత పాయ?"

"అర్ధ గంట."

"యెట్ల?"

"మా అమ్మ ఫోన్లో."

లేచి నిలబడి మోకాళ్ళు రుద్దుకున్నాడు. "దానికీ ఒగ తాళమెయ్యి" అన్నాడు. "పద, ఎండెక్కుతాది." అంతే. ఆ రోజు మనవడి లెక్కల మార్కుల గురించి చెప్పాడు.

ఉగాది అయిన నాలుగో రోజు మహాదేవి వచ్చింది. పాప మా అమ్మ ఒళ్ళోకి దూకింది. మహాదేవి మొహం కడుక్కుని, మిషను మీది గుడ్డ తీసి, ఆగిపోయిన జాకెట్టు ముందేసుకుంది. ఆరు గంటలైంది. ఆమె ఫోనుకేసి చూసింది. అది పలకలేదు. మళ్ళీ చూసింది. నేను గడపలో నిలబడి ఉన్నాను.

"మహాదేవీ, మధ్యలో ఒగ దినం..."

"తాయప్పకి చెప్పినావా?"

"చెప్పినా."

"ఆయప్ప ఏమన్యాడు?"

"అమ్మ ఫోనుకి గూడ తాళమెయ్యమన్యాడు. ఏసినా."

"అయితే అది నాకి చెప్పొద్దు. నీకి, ఆయప్పకి, డాక్టరుకి. నాకి దాని కథ వద్దు" అంది. సూదిలో దారం ఎక్కించబోయి ఆగింది. "నాకి వేరే చెప్పు."

"ఏం చెప్పాల?"

"నేను ఎట్లుండానో చెప్పు. ఈడ కూచోని, చూసి చెప్పు."

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఎక్కడ చూడాలో మొదట తెలియలేదు. కొత్త మనిషి ముందు కూర్చున్నట్టు కాళ్ళు చేతులు అడ్డమయ్యాయి. మెల్లగా చూశాను. చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. మెడ కింద ఎముకలు తేలాయి. ఎడమ చేతి చూపుడువేలు చివర సూది గుచ్చుకున్న మచ్చలు. కళ్ళ కింద నలుపు, నిన్నా మొన్నా వచ్చిన నలుపు కాదు. పదేళ్ళు పక్కనే ఉన్న మొహం. అందంగా ఉన్నావందామని నోటిదాకా వచ్చింది. అది చూసి చెప్పిన మాట కాదు, ఎవరైనా చెప్పేదే.

"అలిసిపోయినావు" అన్నాను.

ఆమె తల వంచుకుని, కొంగుతో కళ్ళు అద్దుకుని, "హౌదప్పా" అని ఒప్పుకుంది. "చానా అలిసినా."

ఆ ఒక్క మాట నా నోటి నుంచి వినడానికి ఆమె తారానగర్ నుంచి మూడు బస్సులు మారి వచ్చింది.